తలలేని యాట

దొంగ దొరికాడని సీఐ మహేందర్ ఫోన్ చేసినప్పుడు నేను చచ్చిన పులిపిల్ల కాళ్లు ఒక్కొక్కటే తిప్పి చూస్తున్నాను.

“మేడం, ఇంక అడవి గాలించుడు బంద్ చేసుకోండి. చంపినోడు మా స్టేషన్ల కూసున్నడు. నాలుగింటికి కామారెడ్డిల ప్రెస్ మీట్ పెట్టిన. మీరు గూడ వచ్చి పక్కన నిలబడండి, ఫోటో నిండుగ ఉంటది.”

“ఫోటోల నేను మంచిగ పడ సార్. ముందు మనిషిని చూస్త, ఫోటో సంగతి తర్వాత,” అని పెట్టేశాను.

నా పేరు సాయిలత. మాది బీర్కూర్. అటవీ శాఖ విజిలెన్స్ విభాగంలో రేంజ్ ఆఫీసర్ని. జంతువులను చంపి, చర్మాలు ఒలిచి, విషాలు పెట్టి తప్పించుకోగలమనుకునేవాళ్లను వెతికి పట్టుకోవడం నా పని. ఆ పని ఈ జిల్లాలో నాకంటే బాగా చేసేవాళ్లు లేరు. గొప్పలు చెప్పుకోవడం లేదు. సరే, చెప్పుకుంటున్నాను. ఉన్న గొప్ప చెప్పుకుంటే తప్పేముంది.

ఈ కేసు మాత్రం నేను చూసినవాటిలాంటిది కాదు. ఎల్లారెడ్డి అడవిలో పులి తిరగడం మా అమ్మమ్మ కాలంలోనే ఆగిపోయింది. అలాంటిది కిందటి వానాకాలం మహారాష్ట్ర వైపు నుంచి ఒక ఆడపులి రెండు పిల్లలను వెంటేసుకుని వచ్చి ఈ వాగుల్లో కాపురం పెట్టింది. పోయిన జాతి తనంతట తాను తిరిగి రావడం నా సర్వీసులో ఎన్నడూ చూడలేదు. ఇకముందు చూస్తానన్న నమ్మకం కూడా లేదు. ఈ మూడూ బతికితే మా జిల్లాలో మళ్లీ పులి ఉంటుంది. చస్తే ఇక రాదు.

మూడులో ఒకటి పొద్దున వాగులో చచ్చి పడి ఉంది. మగపిల్ల. ఏడాదిన్నర వయసు. దాని పక్కన సగం తిన్న మేక. మేక మాంసంలో ఊదారంగు గుళికల మందు, రైతులు వరి మళ్లలో చల్లేది. “తిన్నంక ఎక్కువసేపు నడవలే మేడం,” అన్నాడు పశువుల డాక్టర్ జీవన్.

నేను చూస్తున్నది గోళ్లు. అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. మీసాలు ఉన్నాయి. చర్మం మీద గీత కూడా లేదు. అమ్ముకునేవాడు పులిగోళ్లు వదిలిపెట్టి పోడు. దీన్ని చంపినవాడికి పులి చర్మంతో పని లేదు, పులి లేకుండా పోవడంతోనే పని. తల్లి, రెండో పిల్ల ఇంకా ఈ చుట్టుపక్కలే తిరుగుతున్నాయి కాబట్టి అతని పని ఇంకా పూర్తి కాలేదు.

మహేందర్ ఫోన్ వచ్చిన కాసేపటికే పై ఆఫీసు నుంచి ఇంకో ఫోన్. నిందితుడు దొరికాడు కాబట్టి గాలింపు బృందాలను వెనక్కి పంపేయమన్నారు. పంపేశాను. నా దగ్గర మిగిలింది బీట్ ఆఫీసర్ నిరోష ఒక్కతే.

“మేడం, నేను తూర్పు వాగు దిక్కు పోయి పులి కోసం కట్టిన కెమెరాలు చూసొస్త. భూమేశన్న దారి చూపెడ్తనంటుండు,” అంది నిరోష.

భూమేశ్ అడవి అంచున ఉన్న కంకర క్వారీలో సూపర్‌వైజర్. పులిపిల్ల చచ్చి పడుందని పోలీసులకు మొదట చెప్పింది అతనే. పొద్దుటి నుంచి అందరికీ చాయ్, నీళ్ల సీసాలు తెప్పిస్తూ పెళ్లివారికి చేసినట్టు మర్యాదలు చేస్తున్నాడు. సరే పొమ్మన్నాను. నిరోష తన సంచి భుజాన వేసుకుని అతని బైక్ వెనక కూర్చుంది. నేను ఎల్లారెడ్డి స్టేషన్‌కు బయల్దేరాను.

సిద్దిరాములు స్టేషన్‌లో నేల మీద గొంగడి పరుచుకుని కూర్చున్నాడు. గొర్లకాపరి. యాభై దాటి ఉంటాయి. ముఖంలో భయం కంటే విసుగు ఎక్కువ కనిపించింది.

మహేందర్ నాకు కుర్చీ జరిపాడు. అతను చెడ్డవాడు కాదు. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన మనిషి, తొందర మనిషి. కేసు ఎంత త్వరగా మూస్తే అంత బాగా చేసినట్టని అతని నమ్మకం.

“వినండి మేడం. పులి ఈయన గొర్రెలను రెండింటిని తిన్నది. ‘దాన్ని సంపకుంటే నా పేరు సిద్దిరాములే కాదు’ అని హోటల్ కాడ పదిమంది ముంగట అన్నడు. ఈయన గుడిసెల గుళికల డబ్బా దొరికింది. ఇంకేం గావాలె?”

“సాక్షి గావాలె.”

“సాక్షి గూడ ఉన్నడు. నిన్న సాయంత్రం ఆరింటికి ఈయన సంచి మోసుకుంట వాగుల దిగిండని భూమేశ్ చెప్పిండు.”

“మంచిగుంది. జర నేను మాట్లాడొచ్చా?”

కుర్చీ వదిలేసి సిద్దిరాములు ఎదురుగా నేల మీదే కూర్చున్నాను.

“అన్నా, పులి సస్తే నీకు సంబురమేనా?”

మహేందర్ నవ్వాడు. సిద్దిరాములు మాత్రం తల దించుకోలేదు.

“సంబురమే మేడం. అబద్ధమెందుకు చెప్త. నా గొర్రెలను తిన్నది. తల్లి గూడ సస్తే ఇంక సంబురం. గని నేను సంపలే.”

“హోటల్ కాడ అన్నవట గద?”

“అన్న. కడుపు మండితే అనరా? మా అల్లుని గూడ ఎన్నోసార్లు సంపుత అన్న. ఆయన మంచిగనే ఉన్నడు.”

“డబ్బా?”

“నాకు పొలమే లేదు. గుళికలు నేనేం జేసుకుంట? గుడిసెకు తాళం గూడ లేదు, ఎవలన్న పెట్టొచ్చు.”

“పులి తిన్న గొర్రెలను ఏం జేసినవు?”

“మీ ఆఫీసోళ్లు వచ్చి ఫోటోలు తీసుకునేదాక అట్లనే ఉంచిన. నష్టపరిహారం రావాలె గద. తర్వాత పూడ్చిపెట్టిన.”

నేను మహేందర్ వైపు తిరిగాను.

“సార్, పులి సగం తిని ఇడిసిన గొర్రె ఈయన చేతిలనే ఉండె. పులి తన వేట కాడికి తానే మల్ల తిరిగొస్తది, పిలవనక్కర లేదు. దాని మీద గుళికలు చల్లితే పని అయిపోతుండె. దాన్ని పూడ్చిపెట్టి, మల్ల ఒక మేకను కొనుక్కచ్చి, కోసి, విషం పెడ్తడా? గొర్లకాపరి?”

“కోపంల మనిషి ఆలోచించడు మేడం.”

“విషం ఆలోచించే పెడ్తరు సార్. అన్నా, నిన్న పొద్దుమూకి ఏడ ఉన్నవు?”

“తాడ్వాయిల. అనసూయమ్మ పటేలమ్మ చేన్ల మంద పెట్టిన.”

ఎరువు కోసం రైతులు గొర్రెల మందను రాత్రిపూట తమ చేలో పడుకోబెట్టించుకుంటారు. కాపరికి ఆ పూట తిండి వాళ్లదే. అనసూయమ్మ నంబర్ సిద్దిరాములు దగ్గరే ఉంది. నేను కలిపి స్పీకర్ పెట్టాను.

“ఏడు గొట్టంగ నేనే రొట్టెలు పెట్టిన బిడ్డా,” అందావిడ. “మా ఆయన అప్పుడే వార్తలు పెట్టుకున్నడు. ఇంకో రొట్టె అడిగిండు, పెట్టిన. ఎందుకు, ఏమైంది సిద్దిరాములుకు?”

“ఏం కాలే అమ్మా, మంచిగనే ఉన్నడు,” అని పెట్టేసి మహేందర్‌ను చూశాను. “ఆరింటికి ఎల్లారెడ్డి వాగుల ఉన్నోడు, ఏడింటికి మందను తోలుకొని అంత దూరం తాడ్వాయిల రొట్టె తింటుండు. గొర్రెలకు బస్ పాసులు ఇచ్చిర్రా సార్?”

తలుపు దగ్గర కానిస్టేబుల్ దగ్గుతున్నట్టు నటించి బయటికి పోయాడు. మహేందర్‌కు అది నచ్చలేదు.

“ఆమె టైం మర్చిపోయి ఉండొచ్చు. తెలిసిన మనిషాయె, కాపాడుతుండొచ్చు. నా దగ్గర డబ్బా ఉన్నది, సాక్షి ఉన్నడు. నాలుగింటికి ప్రెస్ మీట్, తర్వాత మేజిస్ట్రేట్ ముంగట పెడ్త. మీ దగ్గర అంతకన్న మంచి దొంగ ఉంటే తీస్కరాండి.”

“తెస్త. మీరు గూడ నాతో వాగు కాడికి రాండి. రాకుంటే భయపడ్డరనుకుంట.”

ఆ ఒక్క మాటకే వచ్చాడు.

వాగులో నీళ్లు లేవు, పొడి ఇసుక. మేక కళేబరం మీద టార్పాలిన్ కప్పి ఒక కానిస్టేబుల్ కాపలా ఉన్నాడు. పొద్దున అందరి కళ్లూ పులిపిల్ల మీదే ఉన్నాయి. నావీ అక్కడే ఉన్నాయి. మేక నుంచి డాక్టరు విషం నమూనా తీసుకున్నాడు తప్ప దాన్ని ఎవరూ సరిగా చూడలేదు. టార్పాలిన్ తీయించాను.

“తల ఏది సార్?”

“పులి తిన్నది. పంచనామాల రాసినం.”

“పులి వెనక తొడల కాడ మొదలుపెడ్తది. చూడండి, వెనక భాగం సగం పోయింది. ముందు భాగాన్ని ముట్టనే లేదు. ముట్టని దిక్కు తల ఎట్ల పోతది?”

నేను మోకాళ్ల మీద కూర్చుని మెడ చూశాను. ఎముక నున్నగా తెగి ఉంది. పళ్లతో కొరికితే అలా తెగదు. మాంసం దుకాణంలో కోసినా అలా ఉండదు, అక్కడ గొంతు దగ్గర కోస్తారు. ఇది పై నుంచి పడ్డ ఒకే ఒక్క వేటు. పైగా ఇసుకలో రక్తం మరక దాదాపు లేదు. ఎక్కడో కోసి ఇక్కడికి తెచ్చారు.

వీపు మీద వెంట్రుకలు జిగురు పోసినట్టు ముద్దలుగా అంటుకుని ఉన్నాయి. వాన పడి నెలలు అవుతోంది. రెండు వెంట్రుకలు వేళ్ల మధ్య నలిపాను. వేళ్లకు పసుపు అంటింది. ముందుకాలి సందులో ఎండిన రక్తానికి అతుక్కుని ఒక వేపాకు ఉంది.

నాకు నవ్వొచ్చింది. చచ్చిన జంతువు ముందు నవ్వకూడదు గానీ ఆపుకోలేకపోయాను.

“ఏంది మేడం?” అన్నాడు మహేందర్.

“సార్, మీరు హైదరాబాద్‌ల మటన్‌ను కిలోల లెక్కన చూసిండ్రు. ఇది మటన్ కాదు. యాట.”

మా దిక్కు అమ్మవారికి మొక్కి కోసేదాన్ని యాట అంటారు. దాన్ని గద్దె ముందు నిలబెట్టి, వీపు మీద పసుపు నీళ్లు పోసి, వేపాకు పెట్టి ఎదురుచూస్తారు. అది ఒళ్లు జాడించేదాకా ఎవరూ కత్తి ఎత్తరు. జాడిస్తే అమ్మ ఒప్పుకున్నట్టు. ఈ అడవి అంచున గట్టు మైసమ్మ ఉంది. ఇక్కడివాళ్లు అడవిలో ఏ పెద్ద పని పెట్టుకున్నా ఆమెకు చెప్పకుండా మొదలుపెట్టరు. పులి ఆమెదేనని నమ్మకం కూడా. ఇదంతా మహేందర్‌కు చెప్పాను.

“వాడు పులిని చంపాలనుకున్నడు. మైసమ్మకు కోపమొస్తదని భయపడ్డడు. అందుకే విషం పెట్టబోయే మేకనే ముందుగాల ఆమెకు మొక్కి కోసిండు. విషం కలపనీకి చెయ్యి వణకలే గని, మొక్కకుండ కోయనీకి వణికింది.”

“అయితే సిద్దిరాములే మొక్కి ఉండొచ్చు గద.”

“ఉండొచ్చు. అందుకే తల గావాలె.”

“తలతోని ఏం జేస్తరు మేడం?”

“మైసమ్మ కాడ తెగిన తలను మొక్కినోడు ఇంటికి కొంచపోడు. గద్దె ఊడ్చే ఇంటోళ్లకు ఇస్తడు. అది వాళ్ల హక్కు. ఇయ్యకుంటే మొక్కు తీరనట్టే. అంత భయపడ్డోడు ఆ ఒక్కటి ఎగ్గొడ్తడా?”

మహేందర్ గడియారం చూసుకున్నాడు. “నాలుగింటికి ప్రెస్సోళ్లు వస్తరు. మీరు తలకాయ కూర కోసం నన్ను ఊరంత తిప్పుతరా?”

“ఆకలైతే చెప్పండి, అడిగి పెట్టిస్త.”

“మేడం, మీకు నా కేసు చెడగొట్టాలని ఉన్నది. సూటిగ చెప్పండి.”

“చెడిపోవడానికి కేసు ఏడున్నది సార్? ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, చంపినోడు దొరకకముందే మీరు ప్రెస్ మీట్ పెట్టిండ్రు.”

అతని ముఖం ఎర్రబడింది. “మాట జర చూసి మాట్లాడండి.”

“చూసే మాట్లాడుతున్న. వాడు ఆ పిల్ల ఒక్కదాని కోసమే మేకను తేలే. అన్నిటినీ చంపాలని తెచ్చిండు. తల్లి బతికే ఉన్నది. మీరు నాలుగింటికి కేసు ఖతం అని చెప్పంగనే అడవిల ఒక్క మనిషి ఉండడు. ఇప్పటికే నా మనుషులను ఇంటికి పంపిచ్చిండ్రు. వానికి అంతకన్న సదుపాయం ఏం గావాలె? నాకు మీ పేరు వద్దు, ప్రెస్సోళ్ల ఫోటో వద్దు. ఆ తల్లి చస్తే నాకు నిద్ర పట్టదు సార్, గంతే.”

నా గొంతు కొంచెం పైకి లేచిందని కానిస్టేబుల్ ముఖం చూస్తే తెలిసింది. మహేందర్ కాసేపు ఇసుకను బూటుతో తన్నాడు.

“ఆ గద్దె ఊడ్చేదెవరు?” అన్నాడు చివరికి.

దారిలో గట్టు మైసమ్మ దగ్గర ఆగాం. రాతి మీద రక్తం ఎండిపోయి నల్లబడింది. పక్కన కొబ్బరి చిప్పలు, నిమ్మకాయ ముక్కలు. వాటికి పట్టిన చీమలు ఇంకా పోలేదు. మొక్కు ఈ మధ్యదే. మహేందర్ రాతిని చూశాడు, నన్ను చూశాడు, వచ్చి జీపెక్కాడు.

గద్దె ఊడ్చే భూదవ్వ ఇంటి అరుగు మీద ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. మమ్మల్ని చూసింది గానీ వేళ్లు ఆగలేదు.

“అవ్వా, మంచిగున్నవా? బీర్కూర్ సాయిలతను. జంగ్లాత్ ఆఫీసర్ను.”

“ఆయనెవలు? పోలీసాయన లెక్క ఉన్నడు.”

“ఆయనకు దూప అయితుందవ్వా. జర నీళ్లియ్యు.”

నీళ్లిచ్చింది. మహేందర్ గ్లాసు పట్టుకుని అరుగు చివర బుద్ధిగా కూర్చున్నాడు. ఏం అడగొద్దని అతనికి దారిలోనే చెప్పాను. ఎవరు మొక్కారని అడిగితే భూదవ్వ నోరు విప్పదు. మొక్కు మొక్కినవాడికీ మైసమ్మకూ మధ్య సంగతి అది, పోలీసులకు చెప్పేది కాదు. అందుకని ఇంకో వైపు నుంచి వచ్చాను.

“ఈ నడుమ అందరు హక్కులు ఎగ్గొడుతున్నరట గద అవ్వా. మొన్న అమ్మ కాడ యాట తెగిందట. నీ తలకాయ నీకు ముట్టిందా లేదా? ముట్టకుంటే చెప్పు, ఈ సారుతోని ఇప్పిస్త.”

వేళ్లు ఆగాయి. చాటలో ఆకు అలాగే ఉండిపోయింది.

“నాకు ఎగ్గొట్టేటోడు ఇంక పుట్టలే బిడ్డా. మా అత్త నాటి నుంచి వస్తున్న హక్కు. ఎందుకు ముట్టదు? క్వారీ భూమేశే తెచ్చి చేతిల పెట్టిండు. కాళ్లు గూడ మొక్కిండు.”

మహేందర్ గ్లాసు నోటి దగ్గరే ఆగిపోయింది.

“ఏ భూమేశ్? సూపర్‌వైజరా?” అన్నాడు. నేను చెప్పింది మర్చిపోయాడు.

“ఈ ఊర్ల ఇంకో భూమేశ్ ఏడున్నడు సారు?”

“ఎందుకు మొక్కిండట అవ్వా?” అన్నాను నేను, ఊరికే అడిగినట్టు.

“పని పోతదని. పులి ఉన్న కాడ క్వారీ ఉండొద్దని నోటీసు వచ్చిందట గద. క్వారీ ఆగొద్దని మొక్కిండు. ఎవల కష్టం వాళ్లది.”

పులి లేకపోవడంతో పని ఉన్నవాడు ఇతనే. చంపిందీ తానే, సాక్షీ తానే. సిద్దిరాములు హోటల్ దగ్గర అరిచిన అరుపు విని, తాళం లేని గుడిసెలో డబ్బా పెట్టి వచ్చాడు. పొద్దున చచ్చిన పిల్లను చూపించింది కూడా, దొంగ దొరికాడని మనుషులంతా అడవి ఖాళీ చేస్తారనే. తల భూదవ్వకు ఇచ్చేదాకా భక్తుడు, ఇచ్చిన తర్వాతే గుళికలు బయటికి తీశాడు. నేను మహేందర్ ముఖం చూడలేదు. గెలిచినప్పుడు ఎదుటివాడి ముఖం చూడకపోవడం ఒక మర్యాద. నాకున్న కొద్దిపాటి మర్యాదల్లో అది ఒకటి.

“ఇదే మాట కోర్టుల చెప్తవా అవ్వా?”

“కోర్టా? అమ్మ కాడి ముచ్చట కోర్టుల చెప్పుడు నాతోని కాదు. నన్ను నరికినా రాను.”

“సరే, రాకు. ఆ తలకాయ ఇంక ఉన్నదా?”

“ఏడుంటది? ఒకటి నిన్ననే వండుకున్న. ఇంకోటి నా బిడ్డ ఇంటికి పంపిన.”

“ఇంకోటా?”

“రెండు యాటలు గద బిడ్డా,” అంది భూదవ్వ, అంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు. “ఒకటి తల్లి పేర, ఒకటి పిల్లల పేర అన్నడు. ఏ తల్లో, ఏ పిల్లలో, నేను అడుగలే.”

మహేందర్ లేచి నిలబడ్డాడు. “వాగుల ఒకటే ఉన్నది. రెండోది ఏడున్నది మేడం?”

తూర్పు వాగుకు దారి చూపిస్తానని పొద్దున భూమేశ్ తానే ముందుకొచ్చాడు. అటు ఎవరూ వెళ్లకుండా చూసుకోవడానికి అంతకన్నా మంచి ఉపాయం లేదు. నిరోషను అతని బైక్ ఎక్కించి పంపింది నేనే.

నిరోషకు కలిపాను. కలవలేదు. మళ్లీ కలిపాను. మూడోసారి నొక్కబోతుంటే తనే చేసింది. స్పీకర్ పెట్టాను.

“మేడం, మెల్లగ మాట్లాడుతున్న, మీరు గూడ మెల్లగ మాట్లాడండి,” అంది నిరోష. గొంతు గుసగుసలా ఉంది. “తూర్పు వాగుల ఉన్న. ఈడ ఒక మేక పడున్నది. తల లేదు.”

“భూమేశ్ ఏడి?”

“ఇటు దిక్కు రానిస్తలేకుండె. కాకులను చూసి నేనే దిగిన. నేను మేకను చూసిన్నని తెలువంగనే బండెక్కి పోయిండు. మేడం, తల్లి ఈడనే ఉన్నది. ముప్పై గజాలు గూడ ఉండది. ఒడ్డు మీద కూసోని నన్నే చూస్తున్నది. దాని వెనుక పొదల పిల్ల పండుకున్నది.”

“మేకను ముట్టినట్టు ఉన్నదా?”

“తొడ కాడ కొంచెం పోయింది. కాకులు కావొచ్చు మేడం. కాళ్లకు పసుపు రంగు వైరు కట్టి ఉన్నది, క్వారీల పేలుళ్లకు వాడేది. నేను మేక పక్కన్నే నిలబడ్డ. కట్టె పట్టుకున్న. నేను జరిగితే అది దిగొచ్చి తింటది. జరగకుంటే…”

ఆ మాట పూర్తి చేయలేదు. నిరోషకు ఇరవై నాలుగేళ్లు. ఉద్యోగంలో చేరి ఏడాది అయింది. ఆ అమ్మాయి అక్కడ నిలబడటం నాకు గర్వంగానూ ఉంది, భయంగానూ ఉంది. భయమే ఎక్కువ. జీపు ఎంత తోలినా అరగంట లోపు అక్కడికి చేరలేం.

“నీ సంచిల ఏమున్నది? ఫైర్ లైన్లు కాల్చే సామాను ఉన్నదా?”

ఎండాకాలం ముందు అడవిలో మంటలు వ్యాపించకుండా మా వాళ్లు అడ్డంగా ఎండుటాకులు కాల్చి దారులు చేస్తారు. ఈ నెలంతా నిరోష పని అదే.

“ఉన్నది మేడం. డీజిల్ సీసా, అగ్గిపెట్టె.”

“మేక మీద పొయ్యి. నువ్వు ఇసుకల ఉన్నవు, అడవికి అంటుకోదు. మంట చూస్తే అది దూరం పోతది. విషం గూడ కాలిపోతది.”

మహేందర్ నా మణికట్టు పట్టుకున్నాడు. నోటి దగ్గర చేయి అడ్డం పెట్టి తక్కువ గొంతుతో అన్నాడు.

“మేడం, ఆలోచించండి. ముసలవ్వ కోర్టుకు రాదు. భూమేశ్‌ను పట్టిచ్చేది ఆ మేక, ఆ వైరు. అది కాలితే రాగి తీగ మిగులుతది, ఏ దుకాణంల అయినా దొరికేదే. వాడు నవ్వుకుంట బయటికొస్తడు.”

“ఫోటో తీయమంట.”

“ఫోటోల విషం కనబడది. లాయర్ ఐదు నిమిషాల్ల దాన్ని చింపేస్తడు. మీకు నాకంటె ఎక్కువ తెలుసు.”

నిజమే, నాకు తెలుసు. ఆ రోజు మొదటిసారి మహేందర్ సరైన మాట మాట్లాడాడు, అదీ నాకు పనికిరాని సమయంలో. భూమేశ్ నా చేతిలో ఉన్నాడు. ఒక్క మాటతో జారిపోతాడు.

“కేసు పోతే పోనీ సార్,” అన్నాను. “నిరోషా, ఒక్క ఫోటో తియ్యి. తీసి కాల్చు. వైరు విప్పనీకి వంగకు, కళ్లు పులి మీదనే పెట్టు, వీపు తిప్పకు.”

ఫోన్‌లో సీసా మూత తీసిన చప్పుడు. పుల్ల గీసిన చప్పుడు, మళ్లీ గీసిన చప్పుడు. అంటుకోలేదు. వెనక ఎక్కడో లోతుగా, కడుపులోంచి వచ్చే గుర్రు. అది వినగానే భూదవ్వ చాట పక్కన పెట్టి చేతులు జోడించింది. మూడో పుల్ల అంటుకుంది. భగ్గుమన్న శబ్దం మాకు కూడా వినిపించింది.

“మండుతున్నది మేడం,” అంది నిరోష. ఇప్పుడు గొంతు దాచడం లేదు. “తల్లి లేసింది. వెనక్కి పోతున్నది. పోయింది మేడం, ఒడ్డు దాటి గుట్ట దిక్కు పోయింది.”

నేను గోడకు ఆనుకున్నాను. మహేందర్ అప్పటికే వైర్‌లెస్‌లో భూమేశ్ బండి నంబర్ చెబుతున్నాడు. కామారెడ్డి రోడ్డు మీద చెక్‌పోస్టు దాటనివ్వొద్దన్నాడు. సిద్దిరాములును వదిలేయమన్నాడు. ఎవరో ప్రెస్ మీట్ సంగతి అడిగినట్టున్నారు. “ప్రెస్ మీట్ లేదు, గీట్ లేదు, ముందు చెప్పింది చెయ్యి,” అని కసిరాడు. ఆ మాటతో నాకు అతని మీద కొంత ఇష్టం కలిగింది.

“శాబాష్ నిరోషా,” అన్నాను. “మేం బయల్దేరుతున్నం. నువ్వు మెల్లగ గట్టు మీదికి ఎక్కి నిలబడు.”

మంట చిటపటలు వినిపిస్తున్నాయి.

“నిరోషా?”

“మేడం, తల్లి మల్ల తిరిగొచ్చింది. మంటను గూడ చూస్తలేదు. పొద కాడ పిల్లను మూతితోని నూకుతున్నది.”

“పిల్ల ఏం జేస్తున్నది?”

“లేస్తలేదు మేడం.”